సింగిల్ బెల్లు

మావయ్య జ్ఞాపకార్థ కూడికలో జనం ఎక్కువసేపు మాట్లాడతారని భయపడి పాస్టరుగారు బల్ల మీద చిన్న గంట పెట్టుకుని కూర్చున్నారు. టైమైపోగానే ఒక్కసారి టింగుమనిపిస్తారు, మాట్లాడేవాళ్లు ఆపాలి. ఎవరూ ఆపలేదు. గంట మోగినప్పుడల్లా దాన్ని ‘ఆమేన్’ కింద లెక్కేసుకుని మరింత ఉత్సాహంగా అందుకున్నారు. మావయ్య చూసుంటే ఊరుకునేవాడు కాదు. లేచి నిలబడి, “ఏటండీ ఇది, సింగిల్ బెల్లు పడ్డాక కూడా బండి పోనిత్తారేటి?” అని అడిగేవాడు. అడగడానికి ఆయనే ఉంటే ఆ కూడికే ఉండేది కాదనుకోండి.

మాట్లాడినవాళ్లందరూ ఆయన ప్రార్థనాపరుడన్నారు, మృదుభాషి అన్నారు. మృదుభాషి దగ్గర నా పక్కనున్న పెద్దాయనకి దగ్గు ముంచుకొచ్చింది. పాపం ఒకప్పుడు ఎలమంచిలి బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడి మావయ్య భాష రుచి చూసినవాడు.

నాకు మైకు ఇవ్వలేదు. మైకిస్తే చావింట్లో కూడా జనాన్ని నవ్విస్తానని మా వీధిలో నాకు పేరు. ఇచ్చినా నా దగ్గరున్నది అక్కడ చెప్పేది కాదు. నాకు బాగా గుర్తున్న మావయ్య హైవే పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కారు సీటు బెల్టు బకిలు నోట్లో పెట్టుకుని జుర్రుతున్న మనిషి. ప్రార్థనాపరుడు అంటే కాదనను. మోకాళ్ల మీదే ఉన్నాడు.

ఆయన మాకు చుట్టం కాదు. అనకాపల్లిలో మా ఎదురిల్లు. వాళ్లు ఆదివారం చర్చికెళ్లేవారు, మేము శనివారం గుడికెళ్లేవాళ్లం. ఈ లెక్కలో ఆయన నాకు మావయ్య, ఆయన భార్య అత్త ఎలా అయ్యారో వీధిలో ఎవరూ చెప్పలేరు. ఎర్రబస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైంది ఉద్యోగం నుంచే గానీ ఆయన బస్సు దిగలేదు. ఇంట్లో కుర్చీలున్నా గుమ్మానికి ఆనుకుని నిలబడే కాఫీ తాగేవాడు. ఎప్పుడు కుదుపొస్తుందో అన్నట్టు ఒక చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకునే ఉండేది. బైబిల్లో పేజీ తిప్పాలన్నా బొటనవేలు తడి చేసుకుని టిక్కెట్టు చింపినట్టు తిప్పేవాడు. చర్చి గుమ్మం దగ్గర జనం గుంపుగా ఆగిపోతే, “లోపలికి జరగండమ్మా, ముందు బోల్డు కాళీ ఉంది” అని ఒక్క కేక వేసేవాడు. పాస్టరుగారు ఎన్ని ఆదివారాలు వాక్యం చెప్పినా కదలని జనం ఆ కేకకి దేవుడి వైపు నాలుగడుగులు జరిగేవారు.

జీవితం మొత్తానికి ఆయన దగ్గర ఒకటే సిద్ధాంతం ఉండేది.

“సింగిల్ బెల్లంటే ఆగు. డబులంటే రైట్. అంతకి మించి మనిసికి సెప్పవలసిందేటీ లేదురా అల్లుడూ.”

ఆయన కొత్తలో బస్సు పొడుగునా తాడుండేదట. లాగితే డ్రైవరు నెత్తిమీద గంట మోగేది. తాళ్లు పోయాక అరచేత్తో బస్సు రేకు మీద కొట్టడం మొదలెట్టాడు. ఒక దెబ్బ, ఆగు. రెండు దెబ్బలు, పోనీ. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. ఆటో దిగినా జీపు దిగినా వెనక రెండు దెబ్బలు వేసి “రైట్ రైట్” అంటే గానీ ఆయన ప్రయాణం పూర్తయ్యేది కాదు. ఒకసారి మా నాన్న సైకిలు దిగి నాన్న వీపు మీద రెండు వేశాడు. సైకిలుకి రేకు లేదు మరి.

అత్తకి ఈ భాష బాగానే పట్టుబడింది. అన్నం అయితే గరిటెతో గిన్నె మీద రెండు దెబ్బలు. ఆయన చర్చి రాజకీయాలు అందుకుంటే ఒక దెబ్బ. పిల్లల్లేని ఇల్లు, ఇద్దరే మనుషులు. వాళ్ల మాటలకన్నా ఆ గిన్నె చప్పుళ్లే మా ఇంటికి ఎక్కువ వినిపించేవి.

హైవే నాలుగు లైన్లయిన కొత్తలో అత్తకి రొమ్ములో గడ్డ అన్నారు. విశాఖలో ఆపరేషను చేసి ఎడమవైపు తీసేశారు. తరవాత కొన్నాళ్లు మందు ఎక్కించాలి, ఆపైన రేడియేషను, అదే కరెంటు, పెట్టాలి, ఒక్కటి మానేసినా పడ్డ కష్టమంతా వృథా అన్నాడు డాక్టరు. మావయ్య మొదట బస్సులోనే తీసుకెళ్లాడు. అన్ని బస్సుల్లోనూ తెలిసినవాళ్లే, ముందు సీటు ఖాళీ చేయించేవారు. కుదుపుల్ని మాత్రం ఖాళీ చేయించలేకపోయారు. గాజువాక దగ్గర ఆవిడ వాంతులతో వంగిపోతే, సర్వీసంతా చూసినా మొదటిసారి స్టేజీ కాని చోట బస్సు ఆపించాడట. నాకు చెప్పేటప్పుడు ఆవిడ అవస్థ గురించి ఒక్క ముక్కే చెప్పాడు. స్టేజీ కాదన్న సంగతి మాత్రం రెండుమూడు సార్లు చెప్పాడు. ఆయన ఏడుపు అలా ఉండేది.

అత్త తమ్ముడికి బెల్లం మండీలో కొట్టుంది. మేము మండీ బాబాయి అంటాం. ఆయన అప్పుడే కొత్తగా పెద్ద కారు కొన్నాడు. “కారు తీసుకెల్లు బావా. డ్రైవరే ఎవడూ లేడు” అన్నాడు. డ్రైవరు లేకపోవడమేంటి, నేనున్నాను. డిగ్రీ అయిపోయి, అచ్యుతాపురంలో కంపెనీలొస్తాయి, ఉద్యోగాలొస్తాయి అంటుంటే, ఎదురుచూడడాన్నే ఉద్యోగంగా చేస్తున్న రోజులు. నా సర్టిఫికెట్లలో పనికొచ్చేది డ్రైవింగు లైసెన్సొక్కటే.

తాళాలిస్తూ బాబాయి, “ఒక్కటే సంగతి. ముందు సీటు కొంచెం వాగుద్ది” అన్నాడు.

ఆ వాగుడుకి కారణం ఆయనే. కోటవురట్ల వైపు ఎవరిదో గానుగ దగ్గర వేడి బెల్లప్పాకం సత్తు క్యానులో పట్టించాడు. ఒరిగిపోకుండా క్యానుని ముందు సీట్లో పెట్టి బుద్ధిగా సీటు బెల్టు బిగించాడు. మా ఊరి కార్లలో బెల్టు పెట్టుకున్న మొట్టమొదటి ప్రాణి ఆ క్యానే. స్పీడ్‌బ్రేకరు మీద మూత ఎగిరి, పాకం తిన్నగా బెల్టు నాలిక దూరే బకిల్లోకి దిగి గడ్డకట్టింది. అప్పట్నించీ బెల్టు దూరుతుంది, టక్కుమంటుంది, కారు మాత్రం నమ్మదు. ఆ సీట్లో ఎవరు కూర్చున్నా, బెల్టు పెట్టుకున్నా మానేసినా, టింగ్ టింగ్ టింగ్. స్పీడు పెరిగితే గొంతు పెంచుతుంది. బాబాయికి ఇబ్బందేం లేదు. ఆయన మాటలకి జడిసి ఆయన పక్కన ఎవరూ కూర్చోరు. ఇక నా సీటంటారా, లోకమంతా చేసినట్టే బెల్టుని వీపు వెనక బిగించేసి దానికి ఆనుకుని కూర్చునేవాణ్ణి.

అత్త వెనక కూర్చుంటే వాంతులు. ముందు సీటు కాస్త వాల్చి కూర్చోబెడితే, విశాఖ దాకా ఓర్చుకోగలదు. అందుకని ముందే కూర్చోబెట్టాం. మావయ్య సరిగ్గా ఆవిడ వెనక సీట్లో కూర్చున్నాడు. కండక్టరు ముందు కూర్చోడు.

కారు కదలగానే మొదలైంది. ఆయన కాసేపు విన్నాడు.

“ఏట్రా అల్లుడూ ఇది, ఆగమంటందా, ఎల్లమంటందా?”

“బెల్టు పెట్టుకోమంటంది మావయ్యా.”

“ఎవర్ని?”

“అత్తని.”

“ఎక్కడ పెట్టుకుంటాది? కుట్ల మీదా?” అనడిగాడు. నన్ను కాదు, డాష్‌బోర్డుని.

అది జవాబు చెప్పింది. టింగ్ టింగ్ టింగ్.

విశాఖ షోరూంలో చూపిస్తే అక్కడి కుర్రాడు నవ్వాపుకుంటూ బకిలు మొత్తం మార్చాలన్నాడు. ఆ పార్టు పైనుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం. మావయ్య వదల్లేదు. అసలు మనిషి కూర్చున్నట్టు దీనికెలా తెలుస్తుందన్నాడు. సీటు కింద బరువు చూసే మిషనుంటుంది, మనిషి బరువు పడితేనే బెల్టు సంగతి అడుగుతుంది, సంచులూ గట్రా పెడితే పట్టించుకోదు అన్నాడు ఆ కుర్రాడు.

“అంటే టిక్కెట్టు మనిసికే. లగేజీకి లేదు” అని తేల్చుకున్నాడు మావయ్య.

ఊళ్లోనే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాం. సీటు కిందకి తల దూర్చి, అంతే వేగంగా బయటికి లాక్కున్నాడు. “గంట వైరుతో పాటు పసుపచ్చ వైరొకటుంది బావా. అది కదిల్తే మొకం మీద బెలూను పేలుద్దంట. నాకు పెల్లాం పిల్లలున్నారు” అని కారుకి దండం పెట్టి పంపించేశాడు. మావయ్య వేన్నీళ్లు పోశాడు. పాకం కరిగి కొంచెం లోపలికి దిగింది, అంతే. అగ్గిపుల్లతో గోకాడు. పుల్ల లోపల విరిగింది. చీమలకి కబురందింది. అవి టిక్కెట్టు లేకుండా మాతో పాటు విశాఖ వచ్చి, ఆస్పత్రి చూసుకుని, మాతో పాటే తిరిగొచ్చేవి. పాటలు పెద్దగా పెట్టి గంటని ముంచేద్దామని చూశాను. అత్త తల పట్టుకుని, “రెండూ ఆపీ బాబూ” అంది. ఒకటే నా చేతిలో ఉంది.

ఆయనకి అన్నిటికన్నా తట్టుకోలేనిది ఆ గంటకి అర్థం లేకపోవడం. సింగిలూ కాదు, డబులూ కాదు. “బెల్లు కొట్టినోడికి ఒక ఉద్దేశం ఉండాలి కదరా” అనేవాడు. అత్త జబ్బు గురించి ఆయన ఒక్కనాడూ ఎందుకు, ఏమిటి అని అడగ్గా నేను వినలేదు. అడగవలసినవన్నీ ఈ గంటనే అడిగాడు.

ఓ పొద్దున్న లంకెలపాలెం దగ్గరికొచ్చేసరికి అత్త చెవులు మూసుకుంది.

“బాబూ, ఆపీ.”

పక్కకి తీసి ఆపాను. తలుపు తీసుకుని తనే దిగింది. రోడ్డు పక్క మైలురాయిలాంటిదేదో ఉంటే దానిమీద కూర్చుంది. తలకి చుట్టుకున్న తువ్వాలు లారీల గాలికి జారిపోతుంటే పట్టుకోలేదు. జుట్టు అప్పటికే పోయింది.

“ఇంక నేను రాను. ఇంటికెల్లిపోతాను” అంది.

“ఇంటికెలా ఎల్తావు?” అన్నాడు మావయ్య.

“బస్సుకి. నాకు పాసుంది.”

ఆయన తువ్వాలు సర్దబోతే చెయ్యి తోసేసింది.

“మందెక్కిత్తే వాంతులు. కరెంటు పెడితే మంటంటన్నారు. మద్దిలో ఇదొకటి తలకాయలో కూకుని కొడతంది. ఏటి పాపం సేసేను నేను? నన్నొగ్గీ. నా మానాన నేను ఇంట్లో పడుంటాను.”

“ఒక్కటి మానేసినా ఇన్నాళ్ల బాద వొట్టికే పోద్దన్నాడు కదే డాక్టరు...”

“పోనీ.”

‘పోనీ’ అన్న మాటకి మావయ్య మొహం చూడాలి. ఆ మాట విని ఎన్ని వేల సార్లు బస్సు కదిలించాడో. ఈసారి ఆయనకి ఎటు కదలాలో తెలీలేదు. కాసేపు రోడ్డుకీ ఆవిడకీ మధ్య తిరిగాడు. తరవాత కారు దగ్గరికొచ్చి, తెరిచిన తలుపు పక్కన కంకర మీద మోకాళ్లు ఆనించి, సీటు మీదికి వంగి, ఆ బకిలుని నోట్లో పెట్టుకున్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. తరవాత చప్పుడు వినిపించింది. మామిడి టెంకని జుర్రినట్టు జుర్రుతున్నాడు. పాకాన్ని పీల్చేస్తున్నాడు. మధ్యలో చీమల్ని ఉమ్మేస్తున్నాడు, మళ్లీ జుర్రుతున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. అది ఏడుపో, చీమ కరిచిందో చెప్పలేను. ఎదురుగా ఆగిన లారీ క్లీనరు నన్ను చూసి కనుబొమ్మలెగరేశాడు. నాకు జోకు తట్టలేదు. తట్టకపోవడం నాకు కొత్త.

అత్త అలా చూసి చూసి, “నీకు సుగరు. సచ్చిపోతావు” అంది.

“సత్తే సత్తాను. ఇది ఆగాల.”

మళ్లీ వంగాడు. అత్త పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. “పరవన్నం సెయ్యమంటే సుగరని ఇన్నేల్లు కసిరేను నిన్ను. ఇప్పుడు మా తమ్ముడి కారు నాకుతున్నావు” అంది. అనేసి నవ్వింది. నవ్వితే కుట్లు లాగుతాయని ఎడమచేత్తో పట్టుకుని మరీ నవ్వింది. లేచొచ్చి, ఆయన మోకాళ్లకంటుకున్న కంకర దులిపి, సీట్లో కూర్చుంది.

“పోనీ బాబూ.”

కారు తీశాను. టింగ్ టింగ్ టింగ్. ఏమీ ఆగలేదు.

వెనకనుంచి మావయ్య మూతి తుడుచుకుంటున్న చప్పుడు. కొంతదూరం పోయాక ఉన్నట్టుండి గొంతు సవరించి, “కూర్మన్నపాలెం, కూర్మన్నపాలెం దిగేవోల్లు ముందుకి రావాల” అన్నాడు. అత్త కళ్లు మూసుకునే, “ఎవరూ లేరు. పోనీ” అంది. అప్పట్నించీ విశాఖ దాకా ప్రతి స్టేజీ ఆయన పిలవడం, ఎవరూ లేరని ఆవిడ చెప్పడం. గంట మోగుతూనే ఉండేది. ఇద్దరూ దాని మీదినుంచి మాట్లాడుకునేవారు, పక్కింటి రేడియో మీదినుంచి మాట్లాడుకున్నట్టు.

అలా చాలా ట్రిప్పులు వెళ్లాం. మందు అయింది, కరెంటు మొదలైంది. అత్త చీరకి కుచ్చిళ్లు పెరుగుతూ వచ్చాయి. తిన్నది నిలిచేది కాదు. చేతి గాజులు మోచేతి దాకా వెళ్లి మళ్లీ మణికట్టుకి జారేవి. మేం రోజూ చూస్తున్నవాళ్లం కాబట్టి పెద్దగా తెలిసేది కాదు. లేదా తెలియనట్టు ఉండడం మాకు బాగా వచ్చేసింది.

ఒకరోజు కారు కదిలింది, గంట మోగలేదు.

వీధి మలుపు తిరిగాను. లేదు. బైపాసు ఎక్కాను, స్పీడు పెంచాను. లేదు. అద్దంలో చూస్తే మావయ్య ఊపిరి బిగబట్టి ఉన్నాడు, గట్టిగా వదిలితే అది లేచిపోతుందేమో అన్నట్టు.

“స్తోత్రం” అన్నాడు చివరికి, చాలా మెల్లిగా.

“కారు మారుమనస్సు పొందింది మావయ్యా. బాప్తీస్మం ఇప్పించేద్దాం” అన్నాను. అత్త చిన్నగా నవ్వి, గాజువాక దాటేదాకా నిద్రపోయింది. ఆ దారిలో ఆవిడ నిద్రపోవడం అదే మొదలు. స్టేజీలు పిలవొద్దని మావయ్య తనకి తానే చెప్పుకున్నట్టున్నాడు, నోటికి తువ్వాలు అడ్డంపెట్టుకుని కూర్చున్నాడు. అన్ని ట్రిప్పుల్లోకీ మేం సంతోషంగా చేసిన ట్రిప్పు అది.

ఆస్పత్రి దగ్గర మండీ బాబాయి ఎదురుచూస్తున్నాడు. అత్తని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాక, కారు పార్కింగులో పెట్టొద్దామని నాతో పాటు ముందు సీట్లో ఎక్కాడు. బాబాయిది మంచి మండీ శరీరం.

టింగ్ టింగ్ టింగ్.

“బాగవలేదా ఇది?” అన్నాడు బాబాయి.

అత్త నీళ్ల సీసా, చెప్పులు పట్టుకుని మావయ్య కారు బయట నిలబడి ఉన్నాడు. ఆయన కారుని చూశాడు. బాబాయిని చూశాడు. తరవాత చక్రాల కుర్చీలో ఉన్న అత్త వీపు చూశాడు. కిటికీ దగ్గరికొచ్చి వంగాడు.

“అల్లుడూ. ఇది మనిసి బరువు పడితేనే కదా కొడతాది?”

“అవును మావయ్యా.”

“లగేజీకి కొట్టదు.”

“కొట్టదు.”

ఆయన తలూపాడు. చెప్పుల జతని ఒకదానిమీదొకటి సరిగ్గా పెట్టి పట్టుకుని, ఆవిడ వెనకే లోపలికి వెళ్లిపోయాడు. ఆ పొద్దున్న కారు మా అత్తని లగేజీలో రాసేసింది. డాక్టర్లు ఇంకా మాకు ఆ మాట చెప్పలేదు.

వచ్చేటప్పుడు కూడా గంట మోగలేదు. ఆ నిశ్శబ్దంలో గేరు మార్చాలన్నా భయమేసింది.

తరవాతి ట్రిప్పుకి మావయ్య భుజం మీద గోనెగుడ్డ చుట్టిన బెల్లం దిమ్మతో దిగాడు. అత్తని కూర్చోబెట్టి, ఆవిడ పక్కన, తలుపు వైపు సందులో, ఆ దిమ్మని జాగ్రత్తగా సీటు మీద దించాడు.

“ఏటిది?” అంది అత్త.

“డాక్టరుగారికి. మీ తమ్ముడిమ్మన్నాడు.”

“డాక్టరుగారి బెల్లం డిక్కీలో పెట్టొచ్చు కదా.”

“కరిగిపోద్ది.”

చలికాలం. నేను కారు తీశాను.

టింగ్ టింగ్ టింగ్.

“స్తోత్రం” అన్నాడు మావయ్య. మొన్న అన్నంత మెల్లిగా కాదు, చర్చిలో అన్నంత గట్టిగా.

అత్త మెడ తిప్పి దిమ్మని చూసింది, తరవాత అద్దంలో ఆయన్ని చూసింది. ఆవిడ తెలివైన మనిషి. “ఎవరో దేవతకి మొక్కుకున్నట్టు నన్ను బెల్లంతో తూస్తన్నావా?” అంది.

“తూకం సరిపోయిందిలే” అన్నాడాయన.

“సెవులు సిల్లులు పడిపోతన్నాయి.”

“పడనీ.”

చెయ్యి తీసి ఆ గోనెగుడ్డ మీద వేసి పెట్టుకుంది, పక్కన కూర్చున్న మనిషి భుజం మీద వేసినట్టు. లంకెలపాలెం పిలిచాడు. “ఎవరూ లేరు, పోనీ” అంది.

ఆ వారంలోనే షోరూం నుంచి ఫోనొచ్చింది. పార్టు వచ్చింది, బండి తెస్తే మార్చేస్తాం అని. బాబాయి పరుగెత్తుకొచ్చి చెబితే మావయ్య గుమ్మానికి ఆనుకుని విన్నాడు. “ఇప్పుడొద్దులేరా” అన్నాడు. “కొట్టనీ.” బాబాయి అర్థంకాక నన్ను చూశాడు. నేను కారు టైర్లు చూసుకున్నాను.

కొన్నాళ్లకి ఆ దిమ్మ చాల్లేదు. మావయ్య ఇంకాస్త పెద్దది తెచ్చాడు. తరవాత దానికి తోడు చిన్నదొకటి. ఆవిడ తగ్గినంతమేరా ఆయన బెల్లం కలుపుతూ వచ్చాడు. ముందు ఆ గంట ఆగాలని కంకర మీద మోకాళ్లేసిన మనిషే, ఇప్పుడది ఒక్క క్షణం ఆలస్యమైతే సీటు మీదికి వంగి దిమ్మల్ని సర్దేవాడు. మోగాక వెనక్కి వాలి కళ్లు మూసుకునేవాడు. ఆ కారులో మాకు మిగిలిన డాక్టరు అదొక్కటే. కూర్చున్నది మనిషే అని అది ఒప్పుకుంటున్నంతసేపూ ఆయనకి ఫరవాలేదు.

కరెంటు పూర్తికాకుండానే ఒక మధ్యాహ్నం ఆస్పత్రిలో ఆవిడ వెళ్లిపోయింది.

ఆవిణ్ణి తీసుకొచ్చే వేనులో బాబాయి, అత్త చెల్లెలు ఎక్కారు. మావయ్యని కూడా ఎక్కమన్నారు. ఆయన విన్నట్టు లేదు. నడుచుకుంటూ పార్కింగుకొచ్చి, కారు వెనక తలుపు తీసుకుని, రోజూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ముందు సీటు ఖాళీ. దిమ్మలు పక్కన అలాగే ఉన్నాయి. వేను వెనకాలే నేను కారు తీశాను.

గంట లేదు. ఉత్త బెల్లాన్ని ఆ కారు ఎప్పుడూ లెక్కచెయ్యలేదు.

గాజువాక దాటాం. ఏదో ఒకటి అనాలనిపించింది. నా నోటికి అన్నిటికీ ఒక మాట ఉంటుందని పేరు కదా. అద్దంలో చూశాను. ఆయన ముందుకి వంగుతున్నాడు. రెండు సీట్ల మధ్యనుంచి కుడిచెయ్యి చాపి, ఆవిడ కూర్చునే చోట అరచెయ్యి ఆనించాడు. ఆనించి నొక్కాడు. చాల్లేదు. ఇంకాస్త వంగి, ఒంట్లో బరువంతా ఆ చేతి మీద వేసి నొక్కాడు.

టింగ్ టింగ్ టింగ్.

అలాగే పట్టుకున్నాడు. చెయ్యి నరాలు తేలినా తియ్యలేదు. కూర్మన్నపాలెం వచ్చింది, ఆయన పిలవలేదు. లంకెలపాలెం వచ్చింది. పిలుస్తాడేమోనని, పిలిస్తే ‘ఎవరూ లేరు’ అని ఎవరంటారోనని, నేను స్పీడు పెంచేశాను. గంట గొంతు పెంచింది. లారీల్నీ బస్సుల్నీ దాటుకుంటూ పోతున్నాం. ఏ బస్సులోనూ కండక్టరు మా వైపు చూడలేదు. అనకాపల్లి దాకా అది మోగుతూనే ఉంది. దారంతా ఆ సీట్లో ఒక మనిషి ఉన్నట్టే లెక్క.

వేను ముందే చేరింది. వీధంతా జనం. అత్తని లోపలికి తీసుకెళ్తున్నారు. ఇంటి ముందు కారు ఆపితే దారికి అడ్డం. మావయ్యని దింపేసి కారు తీసుకెళ్లి మండీ దగ్గర పెట్టెయ్యాలని నా ఆలోచన. ఎవరి ఏడుపులోనూ నేను పనికిరానని నాకు తెలుసు. ఇంజను ఆపకుండా ఉంచాను.

ఆయన చెయ్యి తీశాడు. గంట ఆగింది.

దిగాడు. తలుపు వేశాడు. కారు వెనక రేకు మీద అరచేత్తో ఒక దెబ్బ వేశాడు.

రెండో దెబ్బ కోసం ఆగాను. ఎప్పుడూ వెంటనే పడేది. పడలేదు. అద్దంలో చూస్తే ఆయన కారు వెనకే, రేకు మీద చెయ్యి అలా ఆనించి నిలబడి ఉన్నాడు.

ఇంజను ఆపి, దిగాను.